ఖాళీ గళ్ళలో పాత అంకెలు

అల్లాబక్ష్ డ్యూటీలో నిద్రపోయాడని మొదట చెప్పింది కంప్యూటరు. ఊరు ఆ తర్వాత అందుకుంది. అందుకున్నాక ఊరు ఊరికే ఉంటుందా? హిందూపురంలో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా అదే మాట, దానికి తలా కొన్ని చిలవలూ పలవలూ.

జరిగింది ఇది. హిందూపురం నుంచి పెనుకొండ పోయే దారిలో ఒక పట్టుదారం మిల్లు ఉంది. పట్టుగూళ్ళు ఉడికించడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలరు కావాలి, ఆ బాయిలరును కనిపెట్టుకుని ఉండడం అల్లాబక్ష్ పని. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం అది పేలింది. దాని పక్కనే ఉన్న ఫిట్టరు సంతోష్ అక్కడికక్కడే పోయాడు. అల్లాబక్ష్ రెండు చేతులూ, మొహంలో ఒక పక్కా కాలిపోయి, ఒక కన్ను పోయి, బతికాడు. బతికినందుకు ఇంట్లోవాళ్ళు సంతోషించారు. ఆయన సంతోషించలేదు.

ఆస్పత్రి మంచం మీద మాట రాగానే ఆయన అన్నది ఒకటే. "పచ్చగానే ఉండె." బాయిలరు గది గోడకు బిగించిన స్క్రీను సంగతి అది. లోపల ఒత్తిడి సరిగా ఉన్నంతసేపూ స్క్రీను పచ్చగా ఉంటుంది. మించితే ఎర్రబడి గంట మోగుతుంది. పచ్చగానే ఉండె, నేను చూస్తానే ఉంటి అని పలకరించడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. విచారణకు వచ్చినవాళ్ళకూ చెప్పాడు.

అప్పుడు మిల్లు మేనేజరు నరసింహ ఒక కాగితం పట్టుకొచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు, వస్తూ వస్తూ పళ్ళు కూడా తెచ్చాడు. స్క్రీనుకు పోయే అంకెలే రికార్డులోకీ పోతాయి. రికార్డు ప్రకారం పేలుడుకు ముందు పావుగంట సేపు ఒత్తిడి పెరుగుతూనే ఉంది.

"చూడు బక్షన్నా, ఇది నేను పుట్టించింది కాదు," అన్నాడు నరసింహ. "ఇంత పెరిగినంక స్క్రీను ఎర్రగా అయ్యే ఉంటాది, గంట కొట్టే ఉంటాది. మేలుకోని ఉండే మనిషికి తెలీకుండా పోతాదా? ఎండకాలం, వయసైపోయింది, కునుకు పట్టి ఉంటాది. పచ్చగా కనపడింది కలలోనేమో."

అల్లాబక్ష్ ఆ కాగితాన్ని మిగిలిన ఒంటికంటితో చాలాసేపు చూశాడు. చదువు అంతంతమాత్రమే గానీ అంకెలు తెలుసు. "పచ్చ కలయితే, అంతా కలేనేమో," అని కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం కాస్త తెరిపిన పడినట్టు కనిపించింది. మంచం పక్కనే నిలబడి ఉన్న కూతురు సమీనాకు అది ఎందుకో అర్థం కాలేదు. ఆ రోజు నుంచి ఆయన "నిద్రపోయినానేమో" అనడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు ఆ ఏమో కూడా ఊడిపోయింది.

సమీనాకు ఒళ్ళు మండేది అక్కడే. ఊరు అంటే అననీ, ఊరి నోటికి మూత వేయగలిగిన తల్లి ఇంకా పుట్టలేదు. ఈయనకేం పట్టింది? ఇరవై ఏళ్ళకు పైగా మంట ముందు కూర్చున్న మనిషి, ఇంట్లో కూడా పగలు నడుం వాల్చి ఎరగనివాడు, ఒక కాగితం చూసి తన కన్ను తానే నమ్మడం మానేశాడు. బంధువుల పెళ్ళికి పోతే ఎవడో కుర్రకుంక "బక్షు తాతకు మంచం వేయండ్రా" అన్నాడు. పందిట్లో పదిమంది నవ్వారు. ఈయన తల వంచుకుని, వాడు అన్నదాంట్లో తప్పేముంది అన్నట్టు కూర్చున్నాడు. ఆ పెళ్ళి తర్వాత గడప దాటడం మానేశాడు. శుక్రవారం పొద్దున మాత్రం, బాబయ్య దర్గాకు పోయివస్తానని చెప్పి పెనుకొండ బస్సు ఎక్కేవాడు.

సమీనాకు ఇంకో ముల్లు కూడా ఉంది. ఆమె బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే పని చేస్తుంది. మిషన్ల నుంచి వచ్చే అంకెలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేసే ప్రోగ్రాములు రాయడం ఆ పని. మిల్లులో ఒత్తిడి చూపే పాత ముల్లు గడియారం చెడిపోయి, దాని బదులు ఈ స్క్రీను పెట్టినప్పుడు అల్లాబక్ష్ ఇంటికొచ్చి సణిగాడు. అప్పుడు ఆమే అంది, "ముల్లయితే పట్టేస్తాది నాయనా, స్క్రీనుకు ఆ రోగం లేదు. అది చెప్పింది నమ్ము" అని. మర్నాడు ఆయన మిల్లంతా చాటాడు, మా పాప చెప్పింది, ఇంక దీనికి తిరుగులేదు అని. అంత గర్వంగా ఆయన ఇంకే విషయమూ చెప్పలేదు.

కాబట్టి ఆమెకు కావలసింది ఒకటే. నాయన మేలుకునే ఉన్నాడని తేలాలి. ఊరి ముందు తేలితే మంచిదే, తేలకపోయినా పోనీ, ఆయన ముందు తేలాలి.

రికార్డు ఫైలు అడిగితే నరసింహ వెంటనే ఇచ్చాడు. అది అల్లాబక్ష్‌కు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం, దాచుకోవాల్సిన పని ఆయనకు లేదు. సమీనా దాన్ని తెరిచి ఎన్నిసార్లు చూసినా అవే అంకెలు, మెట్లు ఎక్కినట్టు పైకి పోతున్నవి. మామూలుగా వాడే సాధనంతో చూస్తే అది చూపించదగినవే చూపిస్తుంది. ఒక పొద్దున, విసుగు పుట్టి, అంకెలు ఇన్నే ఉంటే ఫైలు ఇంత బరువెందుకుందని, ఆ సాధనాన్ని పక్కనపెట్టి ఫైలును పచ్చిగా, బైటు బైటుగా తెరిచింది. అప్పుడు కనిపించాయి, లెక్కలోకి రాని పాత అంకెలు.

ఈ అంకెలు పెట్టే పద్ధతి ఒకటుంది. మనం రాసుకున్నట్టు ఒక్కో క్షణానికి ఒక్కో అడ్డ వరుస కాదు. ఒత్తిళ్ళన్నీ ఒక నిలువు వరుస, వేడి అంకెలన్నీ ఇంకో నిలువు వరుస. మిషను వాటిని విడివిడిగా ముట్టదు, పెట్టె లెక్కన తీసుకుంటుంది. ఈ స్క్రీనుకు పోయే పెట్టెకు ఎనిమిది గళ్ళు. ఎనిమిది అంకెలూ వస్తే గొడవే లేదు. ఐదే వస్తే? పెట్టె కురచ కాకూడదు, అది రూలు. మిగిలిన మూడు గళ్ళనూ అట్లాగే కలుపుకుని పెట్టె పూర్తి చేయాలి. ఈ కలపడాన్ని ఆ పనివాళ్ళు ప్యాడింగ్ అంటారు. మరి ఆ మూడు గళ్ళలో ఏముండాలి? రూలుకు ఆ పట్టింపు లేదు. ఏమున్నా ఫరవాలేదంటుంది. పెట్టెతో పాటు దాని పొడవు కూడా వస్తుంది, ఇందులో ఉన్నవి ఐదే అని. చదివేవాడు అది చూసుకుని ఐదు దగ్గర ఆగాలి.

ఆ మధ్యాహ్నం వేడికి బాయిలరు మీది వైరు వదులైంది. అంకెలు ఎనిమిదికి ఐదే రావడం మొదలైంది. పంపే ప్రోగ్రాము ఒకే పెట్టెను మళ్ళీ మళ్ళీ వాడుతుంది. కొత్త ఐదూ మొదటి గళ్ళలో పడ్డాయి. వెనక మూడు గళ్ళలో, అంతా సవ్యంగా ఉన్నప్పటి పాత ఒత్తిళ్ళు అట్లాగే మిగిలిపోయాయి. రికార్డులోకి పెట్టె పెట్టెగానే పోయింది, దాన్ని చదివే సాధనం పొడవు చూసి ఐదు దగ్గర ఆగింది, అందుకే దాంట్లో ఒత్తిడి పెరిగింది. స్క్రీను ప్రోగ్రాము పొడవు చూడకుండా పెట్టె చివరి గడిలో ఉన్నదే ఇప్పటి అంకె అనుకుంటే, అక్కడ ఉన్నది ఎప్పటిదో చచ్చిన అంకె. లోపల బాయిలరు ఉబ్బుతుంటే, స్క్రీను గడిచిపోయిన మంచి కాలాన్ని పచ్చగా చూపిస్తూ కూర్చుంది.

ఐతే, అనుకుంటే. అనుకుంటే చాలదు, చూడాలి. మిల్లు స్క్రీను బూడిదైపోయింది. అదే యజమానికి ధర్మవరంలో ఒక అద్దకం షెడ్డు ఉంది, అక్కడా అదే రకం స్క్రీను. బాయిలరు చూసే గంగప్ప అల్లాబక్ష్‌తో కలిసి పనిచేసినవాడే. శుక్రవారం బాయిలరు కడిగే రోజు, మంట ఉండదు, రమ్మన్నాడు. నాయన పెనుకొండ బస్సు ఎక్కిన తర్వాత సమీనా ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని ధర్మవరం రైలెక్కింది.

షెడ్డులో అంతా రంగునీళ్ళ వాసన. గంగప్ప వైరు ఊడదీసి ఇచ్చాడు. ఆమె దాని బదులు ల్యాప్‌టాప్ తగిలించింది. మొదట ఎనిమిది గళ్ళూ నిండా మామూలు ఒత్తిళ్ళు పంపింది. స్క్రీను పచ్చగా ఉంది. ఆ తర్వాత ఎనిమిది గళ్ళూ నిండా ప్రమాదపు అంకెలు పంపింది. స్క్రీను భగ్గున ఎర్రబడి గంట మోగింది. గంగప్ప చెవులు మూసుకున్నాడు.

"బాగానే పని చేస్తాంది గదమ్మా," అన్నాడు.

సమీనా మళ్ళీ మామూలు అంకెలు పంపి పచ్చ రానిచ్చింది. ఆ మీద ఐదే పంపింది, ఐదూ బాయిలరును తునాతునకలు చేసే అంకెలు. పొడవు ఐదు అని సరిగ్గానే రాసి పంపింది.

స్క్రీను పచ్చగానే ఉంది. అంకెలు ఇంకా పెంచి పంపింది. పచ్చగానే ఉంది. ఆమె గంగప్ప స్టూలు లాక్కుని కూర్చుంది. నాయన చూసింది ఇదే. కునుకూ లేదు, కలా లేదు.

గంగప్పకు పెట్టెలూ గళ్ళూ తెలియవు గానీ తాను చూసింది ఏమిటో తెలిసింది. "నేను దినామూ దీని ముందరే కూచ్చుంటాండా," అన్నాడు మెల్లగా. ఊడదీసిన వైరును చుట్టచుట్టి మూల పెట్టి, "ఈ పొద్దే గాదు, రేపు గూడా పొయ్యి ముట్టియ్యనులే," అన్నాడు.

ఆమె అంతా వీడియో తీసి నరసింహకు పంపింది. ఆయన ఫోన్ చేశాడు. అంకెలు పంపే ప్రోగ్రాము రాసినోళ్ళను అడిగితే మేము రూలు తప్పలేదంటారు, ఆ గళ్ళలో ఏమన్నా ఉండొచ్చునంట గదా అన్నాడు. స్క్రీనోళ్ళను అడిగితే, ఎప్పుడూ నిండుగా వచ్చే పెట్టె సగానికి వస్తాదని మాకు చెప్పలేదంటారు అన్నాడు. చివరికి, "నువ్వు రాసియ్యమ్మా, నేను పైకి పంపుతా," అన్నాడు. ఫోను పెట్టేసేముందు, "బక్షన్నకు నేను చెప్పిన మాట తప్పని చెప్పు," అన్నాడు. ఆ ఒక్క మాటకు సమీనా ఆయన్ను సగం క్షమించింది.

సాయంత్రం దాకా ఆగలేకపోయింది. తిరుగు రైలు పెనుకొండలో ఆగగానే దిగి, దర్గాకు పోయింది. నాయన అక్కడ లేడు. లోపలా లేడు, బయట నీడలోనూ లేడు. వాకిట్లో పూలమ్మే ఆమెను అడిగింది.

"చేతులు కాలిన సాయిబేనా? ఆయన ఈడ ఉండేది ఎంతసేపమ్మా. పూలిచ్చి, చేతులెత్తి, కదిరమ్మోళ్ళ ఇంటికి పోతాడు. కొండ కింద సందులో ఉండాది ఇల్లు. ఆ బాయిలర్లో పోయిన పిల్లోని తల్లి లే."

ఇన్ని శుక్రవారాలు ఈయన పోతున్నది సంతోష్ ఇంటికా? సమీనా సందు వెతుక్కుంటూ పోయింది. ఇల్లు చిన్నది, ముందు ఒక అరుగు. అరుగు మీద కదిరమ్మ శెనక్కాయలు ఒలుస్తోంది. ఎదురుగా, వంగని వేళ్ళతో, ఒక్కో కాయనూ నేలకు అదిమి పగలగొడుతూ, అల్లాబక్ష్.

కూతుర్ని చూసి ఆయన తప్పు చేస్తూ దొరికినవాడిలా అయిపోయాడు. కదిరమ్మ మాత్రం కదలలేదు. "నువ్వేనా సమీనావి. కూచో," అంది. "నీ నాయన మొదటిసారి వచ్చి, నిద్రపోయి నీ కొడుకును చంపుకున్యా అని గడప మీద పడినాడు. పొరకతో కొట్టినా. మళ్ళ వారం మళ్ళ వచ్చినాడు. ఎన్నిసార్లని కొడతా? నేను తిడతా, ఆయన ఒలుస్తాడు. అట్ల జరిగిపోతాండాది."

"నాయన నిద్రపోలేదత్తా," అంది సమీనా. సంతోష్ అల్లాబక్ష్‌ను మామా అని పిలిచేవాడు, ఆ వరసనే ఆమెకు నోట్లోకి వచ్చింది.

చెప్పింది. పెట్టెలూ బైట్లూ కాకుండా, నాయనకు తెలిసిన మాటల్లో చెప్పింది. మార్కెట్లో ఒక రైతు పట్టుగూళ్ళు తొట్టిలో పోస్తాడు. అంతకుముందు పోసిన రైతువి అడుగున కొన్ని మిగిలి ఉంటాయి. ఈ రైతువి ఇన్నేనని చీటీ ఉంది. చీటీ చూసినవాడు సరిగ్గా చెప్తాడు. చీటీ చూడకుండా తొట్టి అడుగున చెయ్యి పెట్టినవాడు ఆ ముందటి రైతు గూడు తీసి, ఇది ఈయనదే, బాగుంది అంటాడు. స్క్రీను అట్ల అడుగున చెయ్యి పెట్టింది. ల్యాప్‌టాప్ తెరిచి ధర్మవరం వీడియో చూపించింది. పచ్చ వెలుగు ఆయన కాలిన చెంప మీద పడింది.

అల్లాబక్ష్ చేతిలో శెనక్కాయ అట్లాగే ఉండిపోయింది. "అంటే ఆ పచ్చ నిజమేనా?"

"నిజమే నాయనా. నువ్వు మేలుకునే ఉండావు. నీ తప్పేం లేదు."

"కల గాదా?"

"కాదు."

ఆయన మొహం విప్పారుతుందని ఆమె ఎదురుచూసింది. ఆ ఒక్క క్షణం కోసమే ఇన్ని నెలలు ఆ అంకెల వెంట పడింది. ఆ మొహం విప్పారలేదు. నెత్తురు దిగిపోయినట్టు పాలిపోయింది.

"పచ్చ నిజమైతే," అన్నాడు, "మిగతాది గూడా నిజమే."

"మిగతాది ఏంది?"

ఆయన కూతురివైపు చూడలేదు. కదిరమ్మ వైపు తిరిగాడు.

"సంతోషు నా దగ్గరికొచ్చినాడు కదిరమ్మా. మామా, లోపల ఏందో శబ్దం వస్తాంది, బయటికి పోదాం రా అన్న్యాడు. నేను స్క్రీను చూసినా. పచ్చగా ఉండె. ఏం కాలేదు లేరా, నీళ్ళ పైపు ఒకసారి చూసి రా పో అని లోపలికి పంపినా. నేను వాకిట్లోనే ఉంటి, అందుకే బతికినా." ఆయన చేతిలో కాయను కింద పెట్టాడు. "ఆ కాగితం చూసినంక, పచ్చ కలయితే ఇది గూడా కలే గదా అనుకున్యా. నేను పంపలేదు, నిద్రపోయినా, అంతే అనుకున్యా. నిద్రపోయిన తప్పయితే ఎట్లన్నా మోయొచ్చు అనిపించె."

తెచ్చినదాన్ని తిరిగి సంచీలో వేసుకుని పోగలిగితే ఎంత బాగుండునని సమీనాకు అనిపించింది. ఆస్పత్రిలో ఆ రోజు నాయన మొహం ఎందుకు తెరిపిన పడిందో ఇప్పుడు తెలిసింది. ఆయన దాక్కున్న ఒక్క చోటునూ తానే తవ్వి తీసింది. నిజం చెప్తే మనిషి తేలికపడతాడని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు ఈ అరుగు మీద కూర్చుని చూడాలి.

కదిరమ్మ చేతులు ఒడిలో ఉన్నాయి. ఆమె అడిగింది, "పొయ్యేటప్పుడు ఏమన్నా అన్న్యాడా?"

"సరే మామా అన్న్యాడు."

"అంతేనా?"

"నవ్వినాడు. మీ పాప చెప్పింది గదా మామా, ఇంక దానికి తిరుగు లేదులే అని నవ్వుకుంటా పోయినాడు."

ఆ మాట నోటినుంచి వచ్చాక గానీ అది ఎవరికి తగిలిందో ఆయనకు తెలియలేదు. సమీనా ల్యాప్‌టాప్ మూత మీద పెట్టిన చేతిని తీయలేకపోయింది.

"ఇంకోతూరి చెప్పప్పా," అంది కదిరమ్మ. ఆమె కళ్ళు మూసుకుంది. కొడుకు ఆఖరి మాటలు ఆమెకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

అల్లాబక్ష్ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. శబ్దం, స్క్రీను, నీళ్ళ పైపు. సరే మామా దగ్గర ఆగిపోయాడు.

"ఇంకేందో అన్నావే, నవ్వుతా అన్నది."

"అంతే కదిరమ్మా. అంతే అన్న్యాడు."

సమీనా తల ఎత్తింది. "మీ పాప చెప్పింది గదా అన్న్యాడంట అత్తా," అంది. "ఆ స్క్రీను నమ్ము అని నాయనకు చెప్పింది నేనే."

కదిరమ్మ కళ్ళు తెరిచి ఆమెను చూసింది, తర్వాత ఆయన్ను చూసింది. తిట్టలేదు. పొరక వైపు చూడను కూడా లేదు. ఒలిచిన గింజల చాట తీసుకుని, లేచి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది.

"పోదాం రా నాయనా," అంది సమీనా లేస్తూ.

"నువ్వు పో పాపా. రైలుకు టైమవుతాంది," అన్నాడు అల్లాబక్ష్. ఒలవాల్సిన కాయలు ఇంకా సంచీలో సగం ఉన్నాయి. ఆయన ఒకటి తీసి నేలకు అదిమాడు.